బొమ్మ పోయింది, కంప్యూటరు పోలేదు

మనలో చాలామందికి లినక్సు కొత్తేమీ కాదు. పొద్దున్న లేస్తే ఏ డేటా సెంటరులోనో ఉన్న యంత్రంలోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా దూరడం, లాగులు తిరగెయ్యడం, పడిపోయిన సర్వీసుని లేపి నిలబెట్టడం మన వృత్తి. దాని మీదే నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నాం. అలాంటి మనమే ఇంట్లో పాత డెస్క్‌టాపు మీద లినక్సు ఎక్కించి, గ్రాఫిక్స్ డ్రైవరు దగ్గరకి వచ్చేసరికి ఓనమాలు దిద్దుకునే పిల్లాడిలా బిక్కమొహం వేస్తాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సర్వరుకి తెర ఉండదు కాబట్టి తెరతో వచ్చే తంటాలు మనకి ఉద్యోగంలో ఎదురు కావు. పదేళ్ళ అనుభవం ఉన్నవాడు కూడా ఈ ఒక్క విషయంలో కొత్తవాడే.

ఈ అవసరం ఇప్పుడు ఎక్కువమందికి వస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ వారి ఏడో తరం, అంతకు ముందు తరాల ప్రాసెసర్లు దాదాపు ఏవీ లేవు. అంటే 2016, 2017 ప్రాంతాల్లో కొన్న నిక్షేపంలాంటి డెస్క్‌టాపులు అటకెక్కాల్సిందే, లేదా వాటికి లినక్సు తొడగాల్సిందే. ఎక్కించడం ఈ రోజుల్లో అరగంట పని. చిక్కంతా ఆ తర్వాతే. విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికి డ్రైవరు వేస్తాం, యంత్రాన్ని మళ్ళీ లేపుతాం, నల్లటి తెర ఎదురవుతుంది.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆదేశాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఎలాగూ మీకు తెలిసినవే, టెర్మినల్లో ఇంగ్లీషులో కొట్టుకోండి.

డ్రైవరు ఒక్కటి కాదు, మూడంతస్తులు

విండోస్ అలవాటు ఉన్నవారికి డ్రైవరు అంటే ఒక ఫైలు. దించుకుంటాం, రెండుసార్లు నొక్కుతాం, అయిపోతుంది. లినక్సులో గ్రాఫిక్స్ డ్రైవరు అంటే ఒకదాని మీద ఒకటి నిలబడ్డ మూడంతస్తుల మేడ.

కింది అంతస్తు కెర్నెలు మాడ్యూలు. కార్డుతో నేరుగా మాట్లాడేది ఇదే. ఇంటెల్ వారికి ఐ915, ఏఎండీ వారికి ఏఎండీజీపీయూ, ఎన్విడియా కార్డులకైతే నూవో లేదా ఆ కంపెనీ సొంత మాడ్యూలు. మధ్య అంతస్తు తెరని పంచిపెట్టే పెద్దమనిషి. పాత పద్ధతిలో ఎక్స్ సర్వరు, కొత్త పద్ధతిలో వేలాండ్ కంపోజిటరు. పై అంతస్తులో ఓపెన్‌జీఎల్, వల్కన్ లైబ్రరీలు ఉంటాయి. వీడియో ఆడించే ప్రోగ్రాము, బ్రౌజరు, ఆటలు వీటిని పిలుస్తాయి. ఇంటెల్, ఏఎండీ కార్డులకి ఈ లైబ్రరీలు మేసా అనే ఉచిత సాఫ్టువేరు నుంచి వస్తాయి. ఎన్విడియా సొంత డ్రైవరు తన లైబ్రరీలని తానే వెంట తెచ్చుకుంటుంది.

తెర నల్లబడిందంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి లేవలేదన్నమాట. మన పని అది ఏదో కనిపెట్టడం. అంతకు మించి మిగతా కంప్యూటరుకి ఏమీ కాలేదు. డిస్కు తిరుగుతూనే ఉంది, నెట్‌వర్కు నడుస్తూనే ఉంది, మీ ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. తెర లేని లినక్సు యంత్రాన్ని మనం రోజూ ఆఫీసులో ఏమని పిలుస్తాం? సర్వరు! అంటే నల్లతెర వచ్చిన క్షణాన మీ డెస్క్‌టాపు మీకు బాగా తెలిసిన జంతువుగా మారిపోయింది.

తెలుగుబడి డిస్కు కథ

ఈ మధ్య మా తోడల్లుడుగారికి జరిగింది చెబితే ఈ మాట ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఆయన డేటాబేసుల పని చేస్తారు. అక్కడ వారాంతంలో నడిచే తెలుగుబడికి సాంకేతిక వ్యవహారాలన్నీ ఆయనే చూస్తారు. బడివాళ్ళ పాత డెస్క్‌టాపుకి ఒక శనివారం లినక్సు ఎక్కించారు. ఎనిమిదేళ్ళుగా పిల్లలు చెప్పిన పద్యాలు, వేసిన నాటకాలు, ఉగాది కార్యక్రమాల వీడియోలు అన్నీ అందులోనే పెట్టారు. అవి అంతకుముందు ఉన్న పాత డిస్కుని తుడిచి వేరేవాళ్ళకి ఇచ్చేశారు. అంటే ఆ వీడియోలకి మిగిలింది ఒకే ఒక్క ప్రతి.

వీడియోలు ఆగి ఆగి ఆడుతున్నాయని, ఆ పంపిణీలోనే ఉన్న డ్రైవరు మేనేజరు తెరిచి, కార్డు తయారీదారు డ్రైవరుని ఎంచుకున్నారు. మధ్యలో ఏదో పాస్‌వర్డు పెట్టమంది, పెట్టారు. మళ్ళీ లేపితే ఒక నీలం తెర వచ్చింది. అందులో మొదటి వరసలో 'కొనసాగించు' అన్న అర్థం వచ్చే మాట ఉంటే ఎంటర్ నొక్కారు. ఎవరైనా అదే నొక్కుతారు. ఆ తర్వాత నల్లతెర, ఎడమ మూల మిణుకు మిణుకుమంటూ ఒక గీత. రెండు రాత్రులు పోరాడి నాకు ఫోను చేశారు.

"అన్నయ్యగారూ, ఇంక నా వల్ల కాదు. డిస్కు మొత్తం తుడిచేసి మొదటినుంచి ఎక్కిస్తాను" అన్నారు.

"పిల్లల వీడియోలకి ఇంకో ప్రతి ఉందా?" అని అడిగాను.

అటువైపు నిశ్శబ్దం.

ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అవుతుంది, కాసేపు ఆగండి అని చెప్పి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడు మీటలూ కలిపి నొక్కమన్నాను. తెల్లటి అక్షరాలతో లాగిన్ అడిగింది. పేరు, పాస్‌వర్డు కొట్టి ఎల్ఎస్ అనగానే ఫోల్డర్లన్నీ వరసగా కనిపించాయి. "ఉన్నాయండీ! అన్నీ ఉన్నాయి!" అన్న కేక ఫోనులో అక్కర్లేకుండానే వినబడేది.

డ్రైవరు సంగతి ఆ రాత్రికి ముట్టుకోలేదు. యంత్రం నెట్‌వర్కు తీగతో కలిసే ఉంది కాబట్టి ఆ నల్లతెర మీదే ఎస్ఎస్‌హెచ్ సర్వరు ప్యాకేజీ ఎక్కించుకున్నారు. ఐపీ చిరునామా చూసుకుని, తన ల్యాప్‌టాపు నుంచి లోపలికి వెళ్ళి, ఆర్‌సింక్ తో వీడియోలన్నీ బయటి డిస్కుకి లాగేశారు. అర్ధరాత్రి దాటింది గాని, ఆ తర్వాత ఏం జరిగినా ఫరవాలేదు అన్న ధైర్యం వచ్చింది. రిపేరుకి ముందు బ్యాకప్ అన్నది మనం ఆఫీసులో ఎవరికి చెప్పినా నవ్వేంత మామూలు సూత్రం. ఇంట్లో అదే సూత్రం నల్లతెర చూసిన కంగారులో ఎగిరిపోతుంది.

కింది అంతస్తు నుంచి మొదలుపెట్టాలి

మర్నాడు ఇద్దరం తీరిగ్గా కూర్చున్నాం, ఆయన అక్కడ, నేనిక్కడ. మొదటి ప్రశ్న: కార్డుని కెర్నెల్లో ఎవరు పట్టుకున్నారు? దీనికి ఎల్ఎస్‌పీసీఐ ఆదేశానికి హైఫన్ కే తగిలించి అడగాలి. వచ్చే జాబితాలో వీజీఏ అనో 3డీ కంట్రోలరు అనో ఉన్న చోట, దాని కింద 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అని ఒక వరస ఉండాలి. ఆయన యంత్రంలో ఆ వరసే లేదు. పనికొచ్చే మాడ్యూళ్ళ పేర్లు మాత్రం ఆ కిందే ఉన్నాయి. అంటే డ్రైవరు డిస్కు మీద ఉంది, కెర్నెల్లోకి మాత్రం ఎక్కలేదు. కింది అంతస్తే లేనప్పుడు పై అంతస్తుల గురించి ఆలోచించడం అనవసరం.

రెండో ప్రశ్న: ఎందుకు ఎక్కలేదు? మోడ్‌ప్రోబ్ తో ఆ మాడ్యూలుని చేత్తో ఎక్కించబోతే, 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని ఒక్క వాక్యం వచ్చింది. మనకి రోగం పేరు తెలిసిపోయింది.

విండోస్ 8తో పాటు 2012 నుంచి మన కంప్యూటర్లలోకి సెక్యూర్ బూట్ అనే ఏర్పాటు వచ్చింది. నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్టువేరునే బూటు సమయంలో లోపలికి రానిస్తుంది. పెద్ద లినక్సు పంపిణీలు సెక్యూర్ బూట్ ఉన్న యంత్రం మీద, సంతకం లేని మాడ్యూలుని కెర్నెల్లోకి రానివ్వవు. బయటి డ్రైవరుని మన యంత్రం మీదే కంపైలు చేస్తే దాని మీద పంపిణీవారి సంతకం ఉండదు కదా! అందుకని ఇన్‌స్టాలరు అక్కడికక్కడ ఒక తాళంచెవి తయారుచేసి, దానితో సంతకం పెడుతుంది. ఆ తాళంచెవిని యంత్రం యజమాని స్వయంగా ఆమోదించాలి. అందుకే ఆ పాస్‌వర్డు, అందుకే ఆ నీలం తెర. అక్కడ 'ఎన్‌రోల్ ఎంఓకే' అన్న వరసకి దిగి, సరేనని, ఇందాకటి పాస్‌వర్డు కొట్టాలి. 'కంటిన్యూ బూట్' నొక్కినా, కాసేపు ఏమీ నొక్కకుండా వదిలేసినా ఆ అవకాశం జారిపోతుంది. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్న సామెత ఇలాంటి సందర్భానికే పుట్టినట్టుంది.

మరి తెర పూర్తిగా నల్లబడటం ఎందుకు? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని, తయారీదారు డ్రైవరు ప్యాకేజీ లోపలికి వస్తూనే కెర్నెల్లో ముందునుంచీ ఉన్న ఉచిత డ్రైవరుని నిషేధిత జాబితాలో పెట్టేస్తుంది. పాతది వెళ్ళిపోయింది, కొత్తదాన్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. కార్డుకి దిక్కు లేకుండా పోయింది. ఫర్మువేరు ఇచ్చిన సాదా ఫ్రేమ్‌బఫరు మీద అక్షరాలు మాత్రం కనబడ్డాయి.

మందు చిన్నదే. ఎంఓకేయుటిల్ ఆదేశానికి ఎస్‌బీ స్టేట్ అని జోడించి సెక్యూర్ బూట్ ఉన్నదని నిర్ధారించుకున్నాం. అదే ఆదేశానికి ఇంపోర్ట్ అని చెప్పి, ఆ తాళంచెవి ఫైలుని మళ్ళీ అర్జీ పెట్టించాం. కొత్త పాస్‌వర్డు మామూలు చిన్న అక్షరాలతోనే పెట్టమన్నాను, ఎందుకంటే ఆ నీలం తెర అమెరికన్ కీబోర్డు అమరికనే ఎరుగును. మళ్ళీ లేపారు, ఈసారి నీలం తెర మీద సరైన వరస నొక్కారు. డెస్క్‌టాపు నిండుగా వచ్చింది. సెక్యూర్ బూట్ ని బయాస్ లో ఆపేసినా పని జరుగుతుంది. కాని రెండు నిమిషాల ఓపికతో పోయేదానికి ఇంటి తలుపు తీసి పెట్టుకోవడం ఎందుకు?

మరికొన్ని మామూలు జబ్బులు

అందరికీ ఇదే జబ్బు రాదు. నేను తరచు చూసేవి ఇంకో నాలుగు ఉన్నాయి.

మొదటిది, ఎక్కించకముందే నల్లతెర. కొత్త కార్డు, పాత కెర్నెలు అయితే ఇన్‌స్టాల్ చేసే యూఎస్‌బీ నుంచి లేపినప్పుడే బొమ్మ రాదు. గ్రబ్ మెనూలో ఈ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరస చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, ఎఫ్10 నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్లు తెర అమరిక జోలికి రాకుండా ఆగుతాయి, మొరటుగానైనా బొమ్మ వస్తుంది. ఇది ఆ ఒక్క బూటుకే వర్తిస్తుంది. చాలామంది దీన్ని శాశ్వతంగా రాసేసుకుని, డ్రైవరు వేశాక కూడా నెమ్మదిగానే ఉందని వాపోతారు. ఊతకర్ర కాలు బాగయ్యేదాకానే.

రెండోది, కెర్నెలు మారిన మర్నాడు వచ్చే నల్లతెర. మాడ్యూలు ఏ కెర్నెలుకి కట్టామో దానికే పనిచేస్తుంది. ఈ బాధ తప్పించడానికే డెల్ ఇంజినీర్లు డీకేఎంఎస్ అనే పనిముట్టు తయారుచేశారు. కొత్త కెర్నెలు వచ్చినప్పుడల్లా మాడ్యూలుని అదే మళ్ళీ కడుతుంది. కాని ఆ కెర్నెలు హెడర్ల ప్యాకేజీ లేకపోతే అది మాత్రం ఏం చేస్తుంది? డీకేఎంఎస్ స్టేటస్ అని అడిగితే ఏ కెర్నెలుకి కట్టిందో, దేనికి కట్టలేదో చెబుతుంది. ఈలోగా గ్రబ్ లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద పాత కెర్నెలుని ఎంచుకుంటే పని ఆగదు.

మూడోది, అంతస్తుల మధ్య పొత్తు కుదరకపోవడం. ఎన్విడియా డ్రైవరు నవీకరించాక ఎన్విడియా ఎస్ఎంఐ అని కొడితే 'డ్రైవర్ లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్' అంటుంది. పైన లైబ్రరీలు కొత్తవి, కింద జ్ఞాపకంలో ఉన్న మాడ్యూలు పాతది. చాలాసార్లు ఒక్కసారి రీబూట్ చేస్తే చాలు. దీనికి కంగారుపడి అన్నీ పీకేసి మళ్ళీ వేసేవాళ్ళు ఉన్నారు.

నాలుగోది, పెద్ద అంకె మీద మోజు. జాబితాలో అన్నిటికన్నా పెద్ద వెర్షను మంచిదని ఎంచుకుంటాం. పాత కార్డులకి అది నప్పదు. ఎన్విడియాలో ఫెర్మీ తరానికి 390 వరస, కెప్లర్ తరానికి 470 వరస ఆఖరివి. మ్యాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాలకి 580 వరసతో సరి. అంటే 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060, 1080 లాంటివాటికి 590 వేస్తే కార్డుని గుర్తించదు. ఇంకో తిరకాసు: ఓపెన్ అని తోక ఉన్న మాడ్యూళ్ళు 2018 నాటి ట్యూరింగ్, ఆ తర్వాతి తరాలకే. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరసకి అవే తప్పనిసరి. పాత కార్డుకి అవి పనికిరావు.

ఇంత గొడవ ఎందుకొచ్చింది?

1990లలో లినక్సు వాడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మానిటరు ఎంత ఫ్రీక్వెన్సీ తట్టుకుంటుందో చేత్తో ఫైల్లో రాయాలి, తప్పు రాస్తే మానిటరు పాడవచ్చని హెచ్చరిక కూడా ఉండేది. అక్కడినుంచి చాలా దూరం వచ్చాం. 2004లో ఎక్స్‌ఫ్రీ86 లైసెన్సు గొడవతో చాలామంది ఎక్స్.ఆర్గ్ కి తరలిపోయారు. 2009లో వచ్చిన 2.6.29 కెర్నెలుతో తెర అమరిక పని కెర్నెల్లోకే రావడం మొదలైంది.

ఏఎండీ 2006లో ఏటీఐని కొన్నది, 2007 నుంచి కార్డుల పత్రాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. 2015 నాటి 4.2 కెర్నెల్లో ఏఎండీజీపీయూ డ్రైవరు చేరింది. అందుకే ఇప్పుడు ఏఎండీ, ఇంటెల్ కార్డులున్నవాళ్ళు మామూలుగా విడిగా ఏ డ్రైవరూ వెయ్యక్కర్లేదు. కొత్త కెర్నెలు, కొత్త మేసా ఉంటే చాలు. తయారీదారు సైటుకి పోయి డ్రైవరు కోసం వెతికితే లేని తలనొప్పి కొని తెచ్చుకున్నట్టే.

ఎన్విడియా దారి వేరు. పత్రాలు లేకుండా బయటివాళ్ళు కార్డుని శోధించి రాసుకున్నది నూవో. ఫ్రెంచి భాషలో 'కొత్త' అని అర్థం. 2014లో వచ్చిన జీటీఎక్స్ 900 వరస నుంచి కార్డు తన ఫర్మువేరు మీద కంపెనీ సంతకం అడగడం మొదలుపెట్టింది. దాంతో ఆ వరస, దాని తర్వాతి పాస్కల్ వరసల్లో నూవో కార్డు వేగాన్ని పెంచలేకపోయింది. కార్డు ఎంత గట్టిదైనా మొదటి గేరులోనే నడవాలి. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ ఈ కంపెనీని అందరి ముందూ కడిగేసిన సంగతి ప్రసిద్ధమే. 2022 మే నెలలో ఎన్విడియా తన కెర్నెలు మాడ్యూళ్ళ మూలరచనని విడుదల చేసింది. కింది అంతస్తు వరకు తలుపులు తెరిచారు. పై అంతస్తు లైబ్రరీలు అప్పటికీ మూతే.

ముందే చేసి పెట్టుకోవలసినవి

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకుండా, డ్రైవరు ముట్టుకోక ముందే ఒక్క పది నిమిషాలు వెచ్చించండి. ఎస్ఎస్‌హెచ్ సర్వరు ఎక్కించి, ఇంకో కంప్యూటరు నుంచి ఒకసారి లోపలికి వెళ్ళి చూడండి. ముఖ్యమైన ఫైళ్ళకి ఇంకో ప్రతి తీసి, అది తెరుచుకుంటోందో లేదో చూడండి. కార్డు పేరు, తరం కాయితం మీద రాసుకోండి. గ్రబ్ మెనూ ఎలా వస్తుందో కనుక్కోండి. కొత్త యంత్రాల్లో చాలావాటికి లేచేటప్పుడు ఎస్కేప్ మీట నొక్కాలి.

డ్రైవరు ఎప్పుడూ మీ పంపిణీ ఇచ్చే ప్యాకేజీల నుంచే తీసుకోండి. ఉబుంటులో ఉబుంటు డ్రైవర్స్ అనే పనిముట్టు, మింట్ లో డ్రైవరు మేనేజరు, ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ వారి ఏకేమాడ్ ప్యాకేజీ ఉన్నాయి. ఫెడోరావారు ఎక్కించిన వెంటనే రీబూట్ చెయ్యకుండా, మాడ్యూలు వెనకాల కంపైలు అయ్యేదాకా కొన్ని నిమిషాలు ఆగండి. కంపెనీ సైటు నుంచి తెచ్చిన రన్ ఫైలు కూడా పనిచేస్తుంది గాని, అది వేసిన ఫైళ్ళ లెక్క మీ ప్యాకేజీ వ్యవస్థకి తెలియదు. రేపు నవీకరణలో రెండూ తగువులాడితే తీర్పు చెప్పాల్సింది మీరే.

పని అయ్యాక పై అంతస్తుని కూడా పలకరించండి. జీఎల్ఎక్స్ఇన్‌ఫో చెప్పేదాంట్లో రెండరర్ అన్న వరస వెతకండి. అక్కడ మీ కార్డు పేరుంటే అంతా సవ్యం. ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే కార్డు నిద్రపోతోంది, బొమ్మలన్నీ పాపం ప్రాసెసరే గీస్తోంది. అప్పుడు మళ్ళీ కింది అంతస్తుకి దిగండి. ఏం జరిగిందో జర్నల్‌సీటీఎల్ చెబుతుంది; హైఫన్ బీ, మైనస్ ఒకటి అంటే కిందటి బూటు లాగు చూపిస్తుంది. నల్లతెర వచ్చిన బూటులో ఏ మాడ్యూలు ఏమని ఏడ్చిందో అందులో అక్షరాలా ఉంటుంది.

లాగు చదవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆఫీసులో అర్ధరాత్రి పేజరు మోగితే నిద్రకళ్ళతోనే చదివేస్తాం. ఇంట్లో ఉన్న పెట్టెకి కూడా ఆ మర్యాదే చేద్దాం. పైన చెప్పిన తెలుగుబడిలో ఇప్పుడు ఆ వీడియోలు ఆగకుండా ఆడుతున్నాయి. వాటికి రెండు వేరువేరు ఇళ్ళలో రెండు ప్రతులు కూడా ఉన్నాయి. ఈ రెండింట్లో ఏది పెద్ద విజయమని అడిగితే, నేను రెండోదే అంటాను.